షార్లెట్‌లో 400 రౌండ్లు

2025 మే 25, ఆదివారం. సాయంత్రం ఆరు దాటింది. నార్త్ కరొలైనాలో షార్లెట్ మోటార్ స్పీడ్‌వే పై వరుసల్లో కూర్చున్నారు మీరు. కింద 40 కార్లు రెండేసి చొప్పున, వేగాన్ని అదుపులో ఉంచే పేస్ కారు వెనకాల బుద్ధిగా నడుస్తున్నాయి. మిమ్మల్ని ఇక్కడికి లాక్కొచ్చిన బావ ఈ ఊళ్లోనే బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. మీ చేతిలో హెడ్‌ఫోన్లు పెట్టి, "ముందు ఇవి తగిలించుకో. ప్రశ్నలు తర్వాత" అంటాడు.

పచ్చజెండా ఊగింది. ఆ చప్పుడు చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. 40 వి8 ఇంజిన్లు, ఒక్కోటి 670 హార్స్‌పవర్ దాకా, మీ ముందు నుంచి ఒక్కసారిగా దూసుకుపోతాయి. వాటి వెనకే ఈడ్చి కొట్టే గాలి, ఆ గాలిలో కాలిన రబ్బరు వాసన. ఊపిరి తీసుకునేలోపు అవతలి మలుపులో ఉంటాయి. దాదాపు అర నిమిషానికి మళ్లీ మీ ముందు.

నాలుగైదు రౌండ్లు చూశాక, మొదటిసారి వచ్చినవాళ్లంతా అడిగేదే మీరూ అడుగుతారు. "ఇంతేనా బావా? ఎడమకి తిరగడమేనా?"

"తిరగడం కాదురా, ఎక్కడ తిరుగుతున్నారో చూడు."

ట్రాకు మైలున్నర. మలుపుల దగ్గర నేల 24 డిగ్రీల వాలుతో లేచి ఉంటుంది. కొందరు డ్రైవర్లు కింది తెల్లగీత పట్టుకుని దగ్గరి దారిన పోతున్నారు. ఇంకొందరు పైకెక్కి, గోడకు బెత్తెడు దూరంలో పోతున్నారు. పైదారి పొడవే, కానీ అక్కడ వేగం తగ్గించాల్సిన పని తక్కువ. కింద దారిలో టైరు పట్టు తగ్గినప్పుడల్లా ఒక్కొక్కరే పైకి జరుగుతారు. ఇలాంటి రౌండ్లు 400, మొత్తం 600 మైళ్లు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి, తిరుగు ప్రయాణంలో సగం దారి దాటేసినంత దూరం. 1960లో మొదలైన ఈ కోకా-కోలా 600, నాస్కార్ అనే అమెరికా స్టాక్ కార్ల రేసింగ్‌లో అన్నింటికంటే పొడవైన రేసు. ఎండలో మొదలై ఫ్లడ్‌లైట్ల కింద ముగుస్తుంది. ఎండకు కాగిన తారు మీద బాగా నడిచిన కారు, రాత్రి చల్లబడ్డ తారు మీద మొరాయించవచ్చు. ముందు వెళ్తున్న కారునే చూస్తే ఇదేదీ అర్థం కాదు. ఒక కారును పట్టుకోవాలి.

బావ పట్టుకున్నది 1వ నంబరు కారు. రాస్ చాస్టెయిన్‌ది. అందరికంటే చివర, 40వ స్థానం నుంచి బయల్దేరింది. శనివారం ప్రాక్టీసులో అతని కారు గోడకు కొట్టుకుంది. సిబ్బంది రాత్రంతా కూర్చుని ఇంకో కారు తయారుచేశారు. మారు కారుతో వచ్చినవాడు వెనక నుంచే మొదలుపెట్టాలి, అది రూలు.

"ఇప్పుడు విను" అంటూ బావ రేడియో స్కానర్‌ను ఆ కారు ఫ్రీక్వెన్సీకి తిప్పుతాడు. స్టేడియంలో ఏ ప్రేక్షకుడైనా డ్రైవరుకు, అతని జట్టుకు మధ్య నడిచే రేడియో మాటలు వినొచ్చు. మరో క్రీడలో ఇంత వెసులుబాటు నేను చూడలేదు. ఇద్దరు ముగ్గురి గొంతులు వినిపిస్తాయి. స్టేడియం కప్పు మీద నిలబడ్డ స్పాటర్ క్షణం ఆగకుండా చెబుతూనే ఉంటాడు: బయటివైపు ఒకడున్నాడు, తలుపు దాకా వచ్చాడు, వెనకపడ్డాడు, క్లియర్. డ్రైవరే చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది. చూసుకోలేడు. అతని హెల్మెట్‌ను పట్టీలతో మెడచుట్టూ ఉన్న హాన్స్ పరికరానికి బిగించేశారు, తల అటూ ఇటూ పెద్దగా తిరగదు. 2001 డేటోనా 500 చివరి రౌండ్లో డేల్ ఎర్న్‌హార్ట్ గోడను ఢీకొని చనిపోయాడు. ఏడుసార్లు చాంపియన్. ఆ ఏడాదే తలను, మెడను కాపాడే పరికరం తప్పనిసరి అయింది. తర్వాత గోడలకు దెబ్బను మింగే సేఫర్ బారియర్లు వచ్చాయి. అప్పటి నుంచి నాస్కార్ అగ్రశ్రేణి అయిన కప్ సిరీస్ రేసులో ఒక్క డ్రైవరూ ప్రాణం పోగొట్టుకోలేదు. అయినా కార్లు గోడకు కొట్టుకున్నప్పుడు జనం లేచి నిలబడతారు, డ్రైవరు కిటికీ వల కిందికి దించుతాడా లేదా అని. వల దిగిందంటే క్షేమంగా ఉన్నట్టు. ఏడుసార్లు చాంపియనైన జిమ్మీ జాన్సన్‌కు ఈ రాత్రి 700వ రేసు. అతని కారు తొందరగానే ప్రమాదంలో చిక్కి ఆగిపోయింది.

పసుపు జెండా. అంతా పేస్ కారు వెనక చేరారు. అరగంట కష్టపడి సంపాదించిన ఆధిక్యం పోయింది, ఇది అన్యాయం కదా అని మీకనిపిస్తుంది. ట్రాకు మీద ఇనప ముక్కలుంటే గంటకు 290 కిలోమీటర్ల వేగంతో పోనివ్వడం అంతకంటే పెద్ద అన్యాయం. ఒక రౌండు వెనకబడ్డవాళ్లలో అందరికంటే ముందున్న కారుకు ఆ రౌండు తిరిగి ఇచ్చేస్తారు, దాన్ని లక్కీ డాగ్ అంటారు. మీకు నచ్చకపోవచ్చు. నాకు నచ్చుతుంది. ఇంతసేపూ పోరాడుతున్నవాడికి ఒక అవకాశం దక్కుతుంది.

కార్లు పిట్ రోడ్డులోకి వస్తున్నాయి. వాటిలో స్పీడోమీటర్ ఉండదు. ఇంజిన్ ఆర్‌పీఎంను బట్టి వేగాన్ని హద్దులో ఉంచుకోవాలి, మించితే శిక్ష. ఇప్పుడు 1వ నంబరు కారు దగ్గరే కళ్లు పెట్టండి. కారు ఆగేలోపే గోడ దూకేశారు ఐదుగురు. ఒకడు జాక్ తోసి ఒక్క ఊపుతో కారును లేపాడు. గన్ ఒక్కసారి జుయ్యిమంది, చక్రం బయటికొచ్చింది. 2022లో కొత్త కారు వచ్చాక చక్రానికి మధ్యలో ఒకటే నట్టు, అంతకుముందు ఐదు ఉండేవి. ఇంధనం పోసేవాడు బరువైన డబ్బాను భుజానికెత్తుకుని వెనక వంగాడు. నాలుగు టైర్లు, పెట్రోలు, పది సెకన్లు అటూ ఇటుగా. కిందపడ్డ పాత టైరును చూడండి, గాట్లేవీ లేని నున్నటి రబ్బరు వేడికి పొరలు పొరలుగా లేచి ఉంది. 1994లో ఇదే రేసులో జెఫ్ గోర్డాన్ జట్టు చివర్లో రెండే టైర్లు మార్చి పంపింది. మిగిలిన ఆ కొద్ది సెకన్లే అతనికి తొలి కప్ విజయాన్నిచ్చాయి.

పొద్దు గూకింది. హెడ్‌ఫోన్లలో "టైట్" అన్న మాట ఎక్కువైంది, స్టీరింగ్ తిప్పినా కారు ముందుభాగం మలుపు తిరగనంటోంది. వెనకభాగం జారిపోతుంటే "లూజ్". తర్వాతి పిట్‌లో వెనక అద్దంలోంచి పొడవాటి రెంచి దూర్చి ఒకడు స్ప్రింగు బిగువు మారుస్తాడు. అంతే తేడా.

200 రౌండ్లు పూర్తయ్యాయి. కార్లన్నీ పిట్ రోడ్డులో ఆగి ఇంజిన్లు కట్టేశాయి. ఇది అమర సైనికులను తలుచుకునే మెమోరియల్ డే వారాంతం. ప్రతి కారు ముందు అద్దం మీద ప్రాణాలర్పించిన ఒక సైనికుడి పేరుంది. సిబ్బంది టోపీలు తీసి నిలబడ్డారు, స్టేడియం మొత్తం లేచి నిలబడింది.

ఈ విరామంలో మీరు గొంతు తగ్గించి అడుగుతారు, నాలుగు గంటలకు పైగా ఒంటేలుకు ఎలా అని. చాలామందికి ఆ అవసరమే రాదు, లోపల 50 డిగ్రీలు దాటే వేడికి నీరంతా చెమటై పోతుంది. వస్తే సూట్లోనే. అలా కానిచ్చామని చెప్పినవాళ్లున్నారు.

మరి "స్టాక్" కారంటే షోరూం కారేనా? కాదు. షెవర్లే, ఫోర్డ్, టొయోటా పేర్లు, పోలికలు మాత్రమే. దగ్గరికెళితే హెడ్‌లైట్లు ఉత్త స్టిక్కర్లు, తెరిచే తలుపులు లేవు, కిటికీలోంచే దూరాలి. 1949 జూన్‌లో ఇదే షార్లెట్‌లో మట్టి ట్రాకు మీద జరిగిన ఈ సిరీస్ మొదటి రేసులో మాత్రం నిజంగా రోడ్డు మీది కార్లే. ముందు గీత దాటిన గ్లెన్ డనవే కారుకు దొంగసారా రవాణా కోసం స్ప్రింగులు మార్చారని తేల్చి, విజయాన్ని జిమ్ రోపర్‌కు ఇచ్చారు. రేసు అయ్యాక కార్లను విప్పి చూసే పద్ధతి ఆ మొదటి రేసులోనే ఉంది.

రాత్రి బాగా పొద్దుపోయింది. వంద రౌండ్లకొక స్టేజి, వాటికి వేరే పాయింట్లు. మొదటి మూడూ విలియం బైరన్ అనే డ్రైవరువే. 283 రౌండ్లు అతనే ముందున్నాడు. కానీ మీ చెవిలో వేరే గొంతు ఉంది. బైరన్‌కు ఇంకొంచెం దగ్గరయ్యాం, ఇంకొంచెం. 6 రౌండ్లు మిగిలుండగా 1వ నంబరు కారు అతన్ని దాటేసింది. మీరెప్పుడు లేచి నిలబడ్డారో మీకే తెలియదు. బావ అరుపు హెడ్‌ఫోన్లు దాటి వినిపిస్తోంది.

చివర నుంచి మొదలైన మారు కారే గెలిచింది. చాస్టెయిన్‌ది ఫ్లోరిడాలో తరతరాలుగా పుచ్చకాయలు పండించే కుటుంబం. కారు పైకెక్కి, పచ్చటి కాయను రెండు చేతులా ఎత్తి, గెలుపు గీత మీద పగలగొట్టాడు. రాత్రి నిద్ర మానుకుని ఆ కారు కట్టిన మనుషుల కష్టం ఆ ఒక్క దెబ్బలో ఉంది.

మీరు షార్లెట్‌లోనో, అట్లాంటాలోనో, డాలస్‌లోనో ఉంటే ఒక్క రేసుకైనా వెళ్లండి. పై వరుసల్లో టికెట్టు తీసుకోండి, ట్రాకు మొత్తం కనపడుతుంది. స్కానర్ అద్దెకు తీసుకుని ఒకే ఒక్క కారును చివరిదాకా వినండి. పిల్లలను తీసుకెళ్తే వాళ్ల చెవులకు ఇయర్‌మఫ్‌లు మాత్రం మరిచిపోవద్దు.