డోలీ మొదలు మోటారుబండి వఱకు: క్వీన్సులాండు ప్రజల ఆంబులెన్సు చరిత్రము



తోటపనిలో కత్తి జాఱి కాలు తెగుటయు, గట్టు మీఁదినుండి పడి యెముక విఱుగుటయు, పొదలో పాము కఱచుటయు మనకుఁ గ్రొత్త సంగతులు కావు. అట్టి వేళ పదిమంది పరుగెత్తి వత్తురు. ఒకఁడు లేవనెత్తును, ఒకఁడు నీళ్లు త్రాగించును, ఒకఁడు తాడు బిగించును. అందఱి మనస్సును మంచిదే. అయినను మంచి మనస్సు మాత్రమే చాలదనియు, చేయవలసిన విధము తెలియనిచో మేలు చేయఁబోయి కీడు చేయుదుమనియు నొక దేశపు చరిత్రము మనకు నేర్పుచున్నది. ఆ దేశము ఆస్ట్రేలియా. అందును చెఱకు తోటలకుఁ బేరొందిన క్వీన్సులాండు.

ఈ విద్య మొదట ఇంగ్లాండులో వ్యాపించెను. అచ్చట 1877వ సంవత్సరమున సెయింట్ జాన్ ఆంబులెన్సు సంఘము స్థాపింపఁబడెను. వైద్యులు కాని సామాన్యులకుఁ బ్రథమ చికిత్స నేర్పుట దాని ముఖ్యోద్దేశము. 1878లో పీటర్ షెప్పర్డు అను సైనిక వైద్యుఁడు ఈ పాఠములను చెప్పి, మఱుసటి యేఁడే జూలూ యుద్ధమున మరణించెను. ఆయన చనిపోయినను పాఠము నిలిచెను. 1883లో మెల్‌బోర్ను నగరమున ఆ సంఘపు శాఖ యేర్పడెను. 1887లో ఆ నగరపు పోలీసు ఠాణాలలో ఆఱు చక్రపు డోలీలు ఉంచఁబడెను. గాయపడినవానిని చేతులతో మోయుటకు బదులు డోలీపైఁ బరుండఁబెట్టి ఆసుపత్రికిఁ దోసికొనిపోవుట ఆ దినములలో గొప్ప మేలుగా నుండెను.

ఇఁక క్వీన్సులాండు సంగతి వినుఁడు. 1892లో బ్రిస్బేను నగరపు ప్రదర్శన మైదానమున నొక రౌతు గుఱ్ఱము మీఁదినుండి పడి కాలు విఱుగఁగొట్టుకొనెను. చుట్టునున్నవారు జాలిపడి అతనిని లేవనెత్తి, ఆ విఱిగిన కాలితోనే మైదానము వెలుపలికి నడిపించిరి. గాయము మఱింత చెడిపోయెను. సైనిక వైద్య దళమునకుఁ జెందిన సీమోర్ వారియన్ అనునతఁడు దీనిని కన్నులారఁ జూచెను. కాలికి బద్దలు కట్టి, పరుండఁబెట్టి మోసికొనిపోయియుండినయెడల ఇంత కీడు కలిగియుండదుగదా యని యతఁడు తలంచెను. ఆ తలంపు ఊరకపోలేదు. అదే సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన నగరవాసులు సభ చేరి, ఆంబులెన్సు దళము నొకదానిని స్థాపించిరి.

ఆరంభమున ఆ దళమునకు బండి లేదు, గుఱ్ఱము లేదు. ఒక వార్తాపత్రిక కంపెనీ వారి భవనమున నింత చోటును, ఒక డోలీయును మాత్రమే కలవు. సేవకులు రోగిని డోలీపై నుంచి వీథులవెంట కాలినడకనే మోసికొనిపోయెడివారు. తరువాత చక్రపు డోలీలును, గుఱ్ఱపు బండ్లును, కడకు మోటారుబండ్లును వచ్చెను. ఊరూరను కేంద్రములు వెలసెను. ఆ సొమ్ము ఎచ్చటినుండి వచ్చెను? అధిక భాగము చందాలనుండియు, విరాళములనుండియు వచ్చెను. చందాదారులు తమలోనుండి కమిటీని ఎన్నుకొనిరి. ఆ కమిటీయే ఆ యూరి ఆంబులెన్సును నడిపించెను. ఇది లాభమునకై నడచిన వ్యాపారము కాదు. ఊరివారు తమకొఱకుఁ దాము పెట్టుకొనిన కాపుదల.

ఇచ్చట నొక దుఃఖకరమైన విషయమును మఱువరాదు. 1863 మొదలు 1904 వఱకు సుమారు 62,000 ఒప్పందముల క్రింద దక్షిణ సముద్ర దీవుల జనులు క్వీన్సులాండు తోటలకుఁ గొనిరాఁబడిరి. కొందఱు ఇష్టపడి వచ్చిరి. కొందఱు మోసముచేతను, బలిమిచేతను తేఁబడిరి. వేలకొలఁది కూలీలు రోగములచే మడిసిరి. 1901 నాఁటి చట్టముచేత మిగిలినవారిలోఁ బెక్కండ్రు వెడలఁగొట్టఁబడిరి. మన తెలుఁగువారును 1903 మొదలు 1916 వఱకు ఒప్పందపు కూలీలుగా ఫిజీ దీవుల చెఱకు తోటలకుఁ బోయిరి. ఆ తోటలలో ననేకములు సిడ్నీ నగరపు చక్కెర కంపెనీవే. కాఁబట్టి ఈ చరిత్రము మనకుఁ బరాయిది కాదు. రోగి యొద్దకు బండి రావలెనన్నచో, ఆ రోగి ప్రాణమునకు విలువ కలదని యెంచువారు ముందుండవలెను.

ప్రథమ చికిత్స నేర్పుటయందు మఱియొక గుణము కనఁబడుచున్నది. తప్పు తెలిసినప్పుడు పాఠమును మార్చుకొనుట. పూర్వము పాము కఱచినచోట కోయుమనియు, పైని గట్టిగాఁ దాడు బిగింపుమనియు నేర్పెడివారు. 1979లో మెల్‌బోర్ను వైద్యుఁడు స్ట్రువాన్ సదర్లాండు వేఱొక పద్ధతిని ప్రకటించెను. అవయవమంతటికిని వెడల్పైన పట్టీ చుట్టి, బద్ద కట్టి, రోగిని కదలనీయక యుంచుటయే ఆ పద్ధతి. ఆస్ట్రేలియాలో నిప్పుడు దీనినే నేర్పుచున్నారు. అయితే ఇది ఆ దేశపు పాములకుఁ దగినది. మన దేశమున రక్తపింజరి వంటి వేఱు జాతులు కలవు. ఇచ్చట వైద్యులు చెప్పునది యేమనగా: కోయవద్దు, నోటితోఁ బీల్చవద్దు, తాడు బిగింపవద్దు, కఱచిన అవయవమును కదలనీయక, విషమునకు విఱుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను.

1991 జూలై 1వ తేదీన క్వీన్సులాండు ఆంబులెన్సు కేంద్రములన్నియు నొక ప్రభుత్వ శాఖగాఁ జేర్పఁబడెను. దానివలన అన్ని యూళ్లకును ఒక్క తీరు శిక్షణ కలుగుటకు దారి యేర్పడెను. మఱియొక ప్రక్క, చందా కట్టి కమిటీనెన్నుకొనిన ఊరివారి అధికారము తఱిగెను. అయినను స్థానిక ఆంబులెన్సు కమిటీలు అంతరింపలేదు. అవి నేఁటికిని విరాళములు కూర్చుచు, గుండె ఆగినవాని ఱొమ్మును ఒత్తి ప్రాణము నిలుపు విధమును ఇరుగుపొరుగువారికి నేర్పుచున్నవి. బండి ప్రభుత్వముదైనను, బండి వచ్చులోపలి నిమిషములు పొరుగువానివే యని వారు గ్రహించిరి.

మన తెలుఁగునాటను 2005 ఆగస్టు 15వ తేదీన 108 ఆంబులెన్సు సేవ ప్రారంభమయ్యెను. ఆ సంఖ్య మన బిడ్డలందఱికిని కంఠస్థమై యుండవలెను. అంతమాత్రమున మన పని తీఱదు. తోట నడుమనున్న మన లైనులకు బండి వచ్చుటకుఁ గొంత కాలము పట్టును. కాఁబట్టి ప్రతి లైనులోను ఇద్దఱు ముగ్గురైనను, ఆఁడువారును మగవారును, ప్రథమ చికిత్స నేర్చుకొనవలెను. శుభ్రమైన గుడ్డలును, నాలుగు బద్దలును, ఒక డోలీయును సిద్ధముగా నుండవలెను. బ్రిస్బేను దళమువారు సయితము ఒక్క డోలీతోనే ప్రారంభించిరిగదా! కాలు విఱిగినవానిని మన చేతులు తొందరపడి నిలువఁబెట్టకుండునుగాక.