అక్షరమునకు వెలుగు, వర్ణము

అక్షరము కంటికి కనబడుటకు రెండు సాధనములు కావలెను: ఒకటి వర్ణము, రెండవది వెలుగు.

పూర్వము తాటాకుపై గంటముతో వ్రాసిన అక్షరము కేవలము గీత మాత్రమే. లేఖకుడు ఆకుపై మసిని, నూనెను పూసి తుడిచివేయగా, గీతలలో నిలిచిన నలుపే అక్షరమై కనబడెడిది. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర, తన బంగళాలో పండితులను, లేఖకులను స్వంత ధనముతో పోషించి, తాళపత్రములను తెప్పించి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించెను. చెదలపాలు కావలసిన వాఙ్మయము కాగితమున కెక్కెను. ఆ బంగళా యున్న చోటనే నేడు కడపలో బ్రౌను పేర గ్రంథాలయము వెలసియున్నది.

ఈ కాలమున అక్షరము కాగితమునుండి విద్యుత్పత్రమునకు తరలుచున్నది. 1997లో అమెరికాలో స్థాపితమైన ఈ-ఇంక్ సంస్థవారి పుటలో, కంటి కానని గోళములయందు నల్లని, తెల్లని రేణువు లుండును. విద్యుత్తు సోకినపుడు ఏవి పైకి వచ్చిన ఆ రంగే కనబడును. ఇట్టి చదువు పలకలను 2004లో జపానున సోనీవారును, 2007లో కిండిల్ పేర అమెజాన్‌వారును విక్రయింప నారంభించిరి.

ఆ పలకకు స్వయంప్రకాశము లేదు. తాటాకువలెనే ఎండలో చక్కగ కనబడి, చీకటి పడగనే దీపమును కోరెడిది. 2012లో నూక్, కిండిల్ పేపర్‌వైట్ పలకలకు ఈ కొరత తీరెను. అంచున నిలిపిన చిన్న దీపముల కాంతి, పైనున్న పలుచని పొరగుండ పుటపై పరచుకొని, ప్రతిఫలించి కంటికి చేరును. వెనుకనుండి కంటిలోనికి పొడుచు తెరవెలుగు కాదిది. ఆముదపు దీపము పుస్తకముపై పడిన చందము.

రంగు సాధించుట మరింత కష్టమైనది. నలుపు తెలుపు పుటపై ఎరుపు, ఆకుపచ్చ, నీలముల జల్లెడను పరచవలెను. ఆ జల్లెడ కొంత వెలుగును మ్రింగుటచే పుట మసకబారును. కనుక రంగుపుటకు దీపము తప్పనిసరి యాయెను. 2024లో రంగు ధరించిన కిండిల్‌లో నల్లని అక్షరమునకు అంగుళమునకు 300 చుక్కలుండగా, రంగు బొమ్మకు 150 మాత్రమే దక్కినవి.

అయినను, 2016లో కిండిల్ అంగడి హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ గ్రంథములకు చోటిచ్చినట్లు ప్రకటించినపుడు, ఆ పట్టికలో తెలుగు లేదు. దీపము పెట్టినను, రంగు పూసినను, పలకలో అక్షరమే లేనిచో చదువరి యేమి చదువును? యంత్రము తనంతట చేయలేని పని బ్రౌను బంగళాలో జరిగిన పనియే: ప్రతులు సేకరించుట, తప్పులు దిద్దుట, కొత్త పత్రమున కెక్కించుట. పల్లె గ్రంథాలయముల బీరువాలలో శిథిలమగుచున్న పుస్తకములకును అదియే కావలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనుమని పెద్దల మాట. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇంతకన్న తగిన వ్రతము లేదు.