పరలోకానికి తూకం, ఉష్ణోగ్రత: నాంపల్లి మమ్మీ నుంచి యమలోకం దాకా

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఒక ఈజిప్టు యువతి భౌతికకాయం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని తెచ్చారని, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో మ్యూజియానికి ఇచ్చారని చెబుతారు. చనిపోయాక మరో జీవితం ఉంటుందన్న నమ్మకంతోనే ఆమె వాళ్లు ఆ దేహాన్ని అంత శ్రద్ధగా భద్రపరిచారు. ఆ జీవితం ఉందో లేదో ఏ ఎక్స్‌రే చెప్పలేదు. అయితే ఆ నమ్మకంతో పాటు వచ్చిన కొన్ని వాదాలను పరీక్షకు పెట్టవచ్చు. ఆ పరీక్ష ఎంతవరకు సాగుతుందో, ఎక్కడ ఆగాలో చూడటమే ఈ వ్యాసం పని. ఇందుకోసం గంభీరమైన ప్రయోగాలతో పాటు సరదాకి వేసిన లెక్కలనూ పరిశీలించాను. తర్కం ఎక్కడ జారుతుందో సరదా లెక్కల్లోనే తేటగా కనిపిస్తుంది.

మమ్మీ ఏం చెబుతుంది?

ఆమె పేరు నైషు అని, ఆరో ఫారో కూతురని, కాలం 2,300 నుంచి 2,500 ఏళ్ల కిందటిదని ప్రచారంలో ఉంది. ఈ వివరాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఈజిప్టు తొలి రాజవంశం సుమారు 5,000 ఏళ్ల నాటిది. వరుసలో ఆరో రాజు ఆ కాలానికి దగ్గర్లోనే ఉంటాడు. పోనీ, ఆరో టాలెమీ అనుకుందామా? అతని పాలన క్రీ.పూ. 180లో మొదలైంది. అంటే 2,200 ఏళ్ల లెక్క. చెబుతున్న కాలానికి అదీ సరిపోదు. కాబట్టి తండ్రి గురించిన మాటో, వయసు గురించిన మాటో, రెండూనో సవరించుకోవాలి.

సంరక్షణ పనుల్లో భాగంగా ఈ మమ్మీకి ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీశారు. స్కాన్ ఎముకల స్థితిని, మరణించినప్పటి వయసు అంచనాను ఇవ్వగలదు. తండ్రి పేరు చెప్పలేదు. దానికి శాసనమో, శవపేటిక మీది రాతో కావాలి.

మమ్మీలను తయారుచేసే పద్ధతిలోనూ పరీక్షకు అందేదానికి, అందనిదానికి మధ్య ఇలాంటి తేడా ఒకటుంది. ఈజిప్షియన్లు చాలా సందర్భాల్లో ముక్కు గుండా కొక్కెం పెట్టి మెదడును తీసి పారేసేవారు. గుండెను మాత్రం దేహంలోనే ఉంచేవారు. ఆలోచనకు, జ్ఞాపకానికి గుండే స్థానమని వారి నమ్మకం. పరలోకంలో ఆ గుండెను మాత్ దేవత ఈకతో తూచి చూస్తారని, థోత్ దేవుడు ఫలితం రాసుకుంటాడని భావించారు. మన చిత్రగుప్తుడు చేసే పనే అది. ఇందులో రెండు వాదాలున్నాయి. ఆలోచన గుండెలో ఉంటుందన్నది శరీరం గురించిన వాదం. వైద్యశాస్త్రం దాన్ని పరీక్షించి కాదని తేల్చింది. అక్కడ త్రాసు ఉందా అన్నది పరలోకం గురించిన వాదం. దానికి పరీక్ష లేదు.

ఆత్మ బరువు

త్రాసును ఈ లోకంలోనే పెట్టి చూసినవాడు అమెరికా వైద్యుడు డంకన్ మెక్‌డూగల్. మరణశయ్య మీదున్న ఆరుగురిని మంచంతో సహా తూచి, 1907లో ఫలితాలు ప్రకటించాడు. ‘ఆత్మ బరువు 21 గ్రాములు’ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ అంకె ఒక్క రోగిది. ఇద్దరి కొలతలను ఆయనే పక్కన పెట్టాడు. మిగతావారి అంకెలు ఒకదానితో ఒకటి కలవలేదు. 15 కుక్కలను తూచి, వాటికి బరువు తగ్గలేదన్నాడు. ఊపిరి ఆగాక ఒంటి వేడి, చెమట వల్ల బరువు తగ్గి ఉండవచ్చని అప్పుడే మరో వైద్యుడు అభ్యంతరం చెప్పాడు. ఆరుగురిలో ఒకరి అంకెను పట్టుకుని ఆత్మ ఉందనలేం. ఆ ప్రయోగం విఫలమైందని ఆత్మ లేదనీ అనలేం.

ఇంతకంటే జాగ్రత్తగా చేసిన ప్రయత్నం వైద్యుడు శామ్ పర్నియా బృందానిది. గుండె ఆగి బతికినవారిలో కొందరు పైనుంచి తమ దేహాన్ని తామే చూశామంటారు. నిజంగా చూస్తే, పైకప్పు వైపు నుంచి మాత్రమే కనిపించే బొమ్మను కూడా చూడాలి కదా! అందుకే ఆసుపత్రుల్లో ఎత్తయిన అరల మీద అలాంటి బొమ్మలు పెట్టారు. 2014లో వెలువడిన నివేదిక ప్రకారం గుండె ఆగిన 2,060 ఘటనలను నమోదు చేసి, బతికినవారిలో 140 మందితో మాట్లాడారు. బొమ్మను చూసినట్టు రుజువు దొరకలేదు. ఎక్కువ ఘటనలు అరలు లేని చోట జరిగాయి కనుక ఇది తుది తీర్పు కాదు. ప్రశ్నను వేసిన తీరు మాత్రం మెచ్చదగ్గది.

స్వర్గం వేడి ఎంత?

1972లో ‘అప్లైడ్ ఆప్టిక్స్’ పత్రికలో ఒక చమత్కారమైన లెక్క వచ్చింది. బైబిల్ యెషయా గ్రంథంలోని వెలుగు వర్ణనను బట్టి స్వర్గానికి మన భూమికంటే 50 రెట్లు వెలుగు వస్తుందనుకున్నారు. దాన్ని వెలుగుకు, వేడికి ఉన్న సంబంధం చెప్పే స్టీఫన్–బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో పెడితే 525 డిగ్రీల సెల్సియస్ వచ్చింది. నరకంలో గంధకం ద్రవంగా ఉంది కనుక అక్కడి వేడి గంధకం మరిగే 445 డిగ్రీలకు లోపే. కాబట్టి నరకం కంటే స్వర్గమే వేడి!

1998లో స్పెయిన్ భౌతిక శాస్త్రవేత్తలు అదే వాక్యాన్ని మరోలా చదివి, వెలుగు 8 రెట్లే అన్నారు. స్వర్గం 231.5 డిగ్రీలకు దిగింది. సూత్రం మారలేదు, గుణకారంలో తప్పు లేదు. మొదటి ఊహ మారగానే తీర్పు తిరగబడింది. అంకెల్లో ఎంత కచ్చితత్వం ఉన్నా, ఆధారం లేని ఊహ ఆధారంగా మారదు.

చార్వాకులు, యమగోల

పరలోకపు మాటను ఈ లోకపు లెక్కతో నిలదీసే తర్కం మనకు కొత్తది కాదు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు కూర్చిన ‘సర్వదర్శన సంగ్రహం’ పరలోకాన్ని నమ్మని చార్వాకుల వాదంతో మొదలవుతుంది. కింద పెట్టిన పిండం స్వర్గంలో ఉన్నవారి ఆకలి తీరిస్తే, కింద వడ్డించిన అన్నం మేడ మీద ఉన్నవారికి ఎందుకు చేరదని వారి ప్రశ్న. అయితే చార్వాకుల గురించి మనకు తెలిసింది ఎక్కువగా వారి ప్రత్యర్థుల రాతల్లోంచే. పైగా శ్రాద్ధం పెట్టేవారందరూ అన్నం అన్నంగానే పైకి చేరుతుందని అనుకోరు. పెద్దలను తలచుకునే బాధ్యతగా దాన్ని చూసేవారికి ఈ ప్రశ్న తగలదు.

మన సినిమా ఈ తర్కాన్ని జనంలోకి తెచ్చింది. ఎన్టీఆర్ 1977 నాటి ‘యమగోల’లో యమభటుల చేత సమ్మె చేయించారు. యమలోకం ఒక ఆఫీసైతే అక్కడా పనివాళ్లు, హక్కులు, రికార్డుల్లో తప్పులు ఉండాలన్నది ఆ హాస్యం వెనకున్న తర్కం. 1994 నాటి ‘యమలీల’ ఇంకాస్త ముందుకు వెళ్లింది. చిత్రగుప్తుడి భవిష్యవాణి పుస్తకం భూమ్మీద పడుతుంది. జరగబోయేది ముందే రాసి ఉన్న పుస్తకాన్ని పరీక్షించవచ్చు: రాసింది జరగకపోతే పుస్తకం తప్పు. పరలోకం పేరుతో భవిష్యత్తు చెప్పే ఎవరికైనా ఈ ఒక్క షరతు పెట్టవచ్చు. ముందే రాసివ్వండి, తర్వాత చూద్దాం.

తేలిందేమిటి?

పరలోకం ఉందని గానీ లేదని గానీ ఈ ఆధారాలు తేల్చవు. బరువు, వయసు, వేడి, జోస్యం వంటి కొలవదగ్గ మాట వచ్చినప్పుడు మాత్రం పరీక్ష అడిగే హక్కు మనకుంది. నాంపల్లి మ్యూజియం వారికి ఒక విన్నపం. ఆ యువతి వయసును, కాలాన్ని ఏ ఆధారంతో అంచనా వేశారో, అందులో ఎంత తేడాకు వీలుందో, స్కాన్‌లో ఏం కనిపించిందో తెలుగులోనూ ఉర్దూలోనూ అద్దం పక్కనే రాసిపెట్టండి. చూడవచ్చే బడిపిల్లలకు మమ్మీతో పాటు రుజువును చదవడం ఎలాగో కూడా తెలుస్తుంది.