ఔషధ పేటెంట్లు: భారతదేశం

భారతదేశంలో తొలి పేటెంట్ చట్టం 1856లో వచ్చింది. దాని తరవాత బ్రిటిష్ ప్రభుత్వం చేసిన 1911 చట్టం స్వాతంత్ర్యం వచ్చాక కూడా రెండు దశాబ్దాలకు పైగా అమల్లో ఉంది. ఆ కాలమంతా కొత్త మందులను ఎక్కువగా విదేశీ కంపెనీలే తెచ్చేవి, ధర కూడా అవి చెప్పిందే.

మార్పుకు మూలం జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక. మందులకు, ఆహార పదార్థాలకు తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇవ్వాలని, పదార్థం మీద ఇవ్వకూడదని ఆయన నిశితంగా వాదించారు. ఈ సిఫార్సు పునాదిగా రూపొందిన 1970 చట్టం 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. మందుల పేటెంట్ గడువును దరఖాస్తు నాటి నుంచి ఏడేళ్లు లేదా మంజూరు నుంచి ఐదేళ్లు, ఏది ముందు ముగిస్తే అంతవరకే పరిమితం చేసింది. అదే మందును వేరే పద్ధతిలో తయారుచేసుకునే వీలు దేశీయ పరిశ్రమకు ప్రాణం పోసింది. సోవియట్ సాయంతో హైదరాబాదు బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ కర్మాగారం ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ అనే మందుల కంపెనీ స్థాపించారు.

ఈ విధానం ఫలితం విదేశాలకూ అందింది. మూడు ఎయిడ్స్ మందుల చికిత్సకు ఒక్కో రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా అవుతున్న రోజుల్లో, 2001 ఫిబ్రవరిలో ముంబైకి చెందిన సిప్లా 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం ప్రకారం 2005 నుంచి భారత్ మందులకు మళ్లీ పదార్థ పేటెంట్లు ఇవ్వవలసి వచ్చింది. అయితే పార్లమెంటు పేటెంట్ చట్టంలోని 3(డి) సెక్షన్‌ను దూరదృష్టితో తీర్చిదిద్దింది: తెలిసిన పదార్థానికి కొత్త రూపమిస్తే చాలదు, గుణం కూడా మెరుగుపడాలి. ల్యుకేమియా మందు గ్లివెక్‌పై పేటెంట్ కోసం నోవార్టిస్ కంపెనీ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఈ సెక్షన్ ఆధారంగానే కొట్టేసింది.

అంతకు ఏడాది ముందు, 2012 మార్చి 9న, పేటెంట్ల కంట్రోలర్ దేశంలో తొలి నిర్బంధ లైసెన్సు (పేటెంట్ యజమాని సమ్మతి లేకుండానే తయారీకి అనుమతి) ఇచ్చారు. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను హైదరాబాదు సంస్థ నాట్కో తయారుచేసుకోవచ్చన్నారు. రోజుకు నాలుగు చొప్పున నెలకు 120 బిళ్ళలు కావాలి. వాటికి అప్పట్లో పేటెంట్ యజమాని బేయర్ ధర దాదాపు రూ.2,80,000 కాగా నాట్కో ధర రూ.9,000 లోపే. బేయర్‌కు రాయల్టీ మొదట 6 శాతం, అప్పీలు తరవాత 7 శాతం. ఆ తరవాత మరే మందుకూ ఇలాంటి లైసెన్సు మంజూరు కాకపోవడం విచారకరం.

2023 మార్చిలో క్షయ మందు బెడాక్విలిన్ పేటెంట్ గుత్తాధిపత్యాన్ని పొడిగించాలన్న దరఖాస్తును పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. ఆ దరఖాస్తుపై అభ్యంతరం దాఖలు చేసినవారిలో క్షయ నుంచి కోలుకున్న ఇద్దరు మహిళలున్నారు.