చెరువుకట్ట శాసనాలు – చారిత్రక స్థలాల సర్వే: కేసముద్రం పరిసరాల పరిశీలన

1. ఉపోద్ఘాతం

వరంగల్లు చారిత్రక సంపద అనగానే ఖిల్లా తోరణాలు, వేయిస్తంభాల గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప దేవాలయం స్ఫురిస్తాయి. కాకతీయుల పాలనకు ఆలయంతో సమానమైన సాక్ష్యం చెరువు. అయినా రక్షిత స్థలాల పట్టికల్లో ఆలయానికి దక్కిన స్థానం చెరువుకు దక్కలేదు. ఈ లోటు వల్ల చరిత్ర రచనకు కలిగే నష్టాన్ని పూర్వపు వరంగల్ జిల్లాలోని కేసముద్రం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సర్వే రెండు పాయలు

హైదరాబాదు రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. దాని సంచాలకులు గులాం యజ్దానీ పాలంపేట ఆలయాలపై రచించిన గ్రంథం 1922లో వెలువడింది. ఇది కట్టడాల సర్వే. శాసనాల సేకరణ మరొక పాయ. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనాల తొలి సంపుటాన్ని ప్రకటించింది. నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో వరంగల్ జిల్లా శాసన సంపుటం 1974లో వచ్చింది. ఈ సంపుటాలు శాసన పాఠాన్ని భద్రపరిచాయి. శాసనం నిలిచిన స్థలాన్ని కాపాడటం వేరొక బాధ్యత.

3. బయ్యారం నిదర్శనం

గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు వద్ద లభించిన శాసనం తొలి కాకతీయుల వంశక్రమాన్ని వెన్నని నుంచి వివరిస్తుంది. ఒక రాజవంశపు మూలాలకు ప్రధానాధారం రాజధానిలో కాక ఒక చెరువు వద్ద దొరికింది. చెరువుకట్టలను సర్వేలో చేర్చవలసిన అవసరానికి ఇంతకన్నా బలమైన నిదర్శనం అక్కరలేదు.

4. కేసముద్రం: పేరు, ప్రమాణం

11వ శతాబ్దికి చెందిన మొదటి ప్రోలరాజు బిరుదు అరిగజకేసరి. ఆయన కేసరి తటాకాన్ని నిర్మించాడని చరిత్రకారులు పేర్కొన్నారు. పెద్ద చెరువులను ‘సముద్రం’ అని వ్యవహరించడం ఆ కాలపు ఆచారం. ‘కేసరి సముద్రం’ వాడుకలో ‘కేసముద్రం’ కావడం అసంభవం కాదు. అయితే ధ్వనిసామ్యం సూచన మాత్రమే, నిరూపణ కాదు. కట్ట నిర్మాణం, తూము రాళ్లు, అలుగు, శిఖం భూముల హద్దులు, పాత రెవెన్యూ పటాలు, ఇరుగుపొరుగు గ్రామాల శాసనాల్లోని ఎల్లల పేర్లు – వీటన్నిటినీ కలిపి చూసినప్పుడే ఊహ నిలుస్తుందో వీగిపోతుందో తేలుతుంది. కట్ట రూపం మారితే ఆ పరీక్షకు అవకాశమే ఉండదు.

5. రక్షణ పరిధి

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ, రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్లను నిషిద్ధ ప్రాంతంగా, ఆపై 200 మీటర్లను నియంత్రిత ప్రాంతంగా నిర్ణయించింది. జాబితాకెక్కని చెరువుకు ఈ రక్షణ వర్తించదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతకు, కట్టల మరమ్మతుకు ప్రాధాన్యమిచ్చింది. సాగునీటి దృష్టితో అది అవసరమైన పని. కాని తూములు, కట్టరాళ్లే చరిత్రకు ఆధారాలు కనుక, మరమ్మతుకు ముందే వాటిని నమోదు చేయడం తప్పనిసరి.

మరొక చిక్కు పరిపాలనాపరమైనది. 2016 అక్టోబరు 11న వరంగల్ నుంచి కేసముద్రం, ఖమ్మం నుంచి బయ్యారం కొత్త మహబూబాబాద్ జిల్లాలో చేరాయి. పాత సంపుటాలు మాత్రం పాత జిల్లాల పేర్లతోనే ఉన్నాయి.

6. ముగింపు

పాత శాసన సంపుటాలను కొత్త మండలాల వారీగా మళ్లీ సూచీకరించి, ప్రతి శాసనాన్నీ అది నిలిచిన స్థలంలో సరిచూడటం తొలి మెట్టు. చెరువును నీటిపారుదల పద్దులోనే కాక చారిత్రక స్థలాల పట్టికలోనూ చేర్చడం రెండవది. అంతవరకు కేసముద్రం పేరులోని ‘కేసరి’ ఊహగానే మిగులుతుంది.