వృద్ధుల వైద్యంలో వైద్యసిబ్బందికి నిరంతర శిక్షణ – సరిహద్దు గ్రామాలలో భాష పాత్ర

వృద్ధాప్యంలో వచ్చే వ్యాధులను ప్రత్యేకంగా అధ్యయనం చేసే వైద్యశాఖకు జీరియాట్రిక్స్ అని పేరు. 1909లో న్యూయార్క్ వైద్యుడు ఇగ్నాట్జ్ నాషర్ ఈ పదాన్ని రూపొందించాడు. పసిపిల్లలకు వేరుగా వైద్యశాఖ ఉన్నట్లే ముదిమికీ ఉండాలని ఆయన వాదన. 1935లో లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్జొరీ వారెన్ ఆ వాదనను ఆచరణలో పెట్టారు. ఇక లేవరని మంచానికే వదిలివేసిన వృద్ధులను ఒక్కొక్కరినీ పరీక్షించి, వ్యాధి ఏదో నిర్ణయించి, నడక నేర్పించి, పలువురిని తిరిగి ఇళ్ళకు పంపగలిగారు.

మన దేశంలో ఈ శాఖకు పునాది పడింది చెన్నైలో. మద్రాసు వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో 1978లో వృద్ధులకు ప్రత్యేక బయటిరోగుల విభాగం ప్రారంభమైంది. 1996లో అదే కళాశాలలో వృద్ధాప్య వైద్యంలో ఎం.డి. కోర్సు వచ్చింది. ఈ రెండింటికీ కారకులైన ఆచార్య వి.ఎస్. నటరాజన్‌కు 2012లో పద్మశ్రీ లభించింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్ళు పైబడినవారు సుమారు 10.4 కోట్లు, అంటే జనాభాలో 8.6 శాతం. తమిళనాడులో వారి శాతం ఇంకా ఎక్కువ. ఇంతమందికి ఎం.డి. చదివిన నిపుణులు సరిపోవడం సాధ్యం కాదు. మన అవ్వను, తాతను వాస్తవంగా చూసేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు, అక్కడి నర్సు, ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త. కనుక ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న వీరికి వృద్ధుల వైద్యాన్ని మళ్ళీ నేర్పడమే అసలు విషయం. దీనినే నిరంతర వైద్యవిద్య అంటున్నారు.

భారత వైద్యమండలి 2002లో జారీచేసిన నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ అయిదేళ్ళకు కనీసం 30 గంటలు ఇటువంటి శిక్షణ పొందాలి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళిని ప్రకటించి, అదే నెలలో దానిని నిలిపివేసింది. ఆ 30 గంటలలో వృద్ధుల వైద్యానికి ఇన్ని గంటలని పాత నియమం నిర్దేశించదు. గుండెజబ్బుల మీద సదస్సుకు వెళ్ళినా, చర్మవ్యాధుల మీద సదస్సుకు వెళ్ళినా లెక్క సరిపోతుంది. ఇది లోపమనే నా అభిప్రాయం. ఆసక్తి ఉన్నవారికి మార్గాలు లేకపోలేదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎం.బి.బి.ఎస్. వైద్యులకోసం ఈ శాఖలో ఒక సంవత్సరపు డిప్లొమాను రూపొందించింది. 2010–11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం కింద చెన్నై, ముంబయి, తిరువనంతపురం సహా ఎనిమిది చోట్ల ప్రాంతీయ కేంద్రాలు ఏర్పడ్డాయి. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం కూడా వాటి బాధ్యతలలో ఒకటి.

ఈ శిక్షణలో నేర్పే మొదటి పాఠం, వృద్ధులలో వ్యాధి వేషం మార్చుకొని వస్తుందన్నది. యువకునికి న్యుమోనియా వస్తే జ్వరం, దగ్గు కనిపిస్తాయి. ఎనభై ఏళ్ళ వ్యక్తికి జ్వరమే లేకుండా రెండు రోజులుగా అన్నం మానేయడం, తడబడి పడిపోవడం, ఉన్నట్టుండి పొంతనలేని మాటలు మాట్లాడడం మాత్రమే కనిపించవచ్చు.

రెండవ పాఠం మందులది. అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో వృద్ధులకు హాని చేయగల మందుల జాబితాను ప్రకటించాడు. దానిని అక్కడి వృద్ధాప్య వైద్యుల సంఘం కాలానుగుణంగా సవరిస్తున్నది, 2023లోనూ సవరించింది. జలుబుకు దుకాణంలో అడిగి కొనే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకు వాడే డయజిపామ్, మధుమేహానికి వాడే గ్లిబెన్‌క్లమైడ్ అందులో ఉన్నవే. మొదటిది మూత్రాన్ని బంధించి మతిని తడబాటుకు గురిచేయవచ్చు. రెండవది పడిపోయే ప్రమాదాన్ని పెంచుతుంది. మూడవది చక్కెరను ప్రమాదకరంగా తగ్గించి చాలాసేపు అలాగే ఉంచవచ్చు. అంతమాత్రాన వైద్యుని అడగకుండా మందు మానివేయరాదు. ఇది వాడుతున్నామని ఆయనకు తెలియజేయాలి.

మూడవది నడక పరీక్ష. కుర్చీలోనుండి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గాని అంతకు మించి గాని పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్లు పరిగణిస్తారు. దీనికి గడియారం తప్ప మరో పరికరం అక్కరలేదు. భాషతోనూ పెద్దగా పని లేదు. ఒకసారి నడిచి చూపిస్తే చాలు.

మతిని పరీక్షించడం మాత్రం అలా కాదు. సరిహద్దు గ్రామాలవారికి ఈ శిక్షణతో నేరుగా సంబంధం ఏర్పడేది ఇక్కడే. ఈ రోజు తేదీ ఏది, ఈ మూడు మాటలు గుర్తుంచుకొని తర్వాత చెప్పండి, నెలల పేర్లు వెనుకనుండి చెప్పండి అంటూ ప్రశ్నలు సాగుతాయి. కృష్ణగిరి జిల్లాలో గాని, గంజాం, రాయగడలలో గాని ఇంట్లో తెలుగే మాట్లాడే అవ్వ, సంతలో అవసరమైనంత తమిళమో ఒడియానో నేర్చుకొని ఉంటుంది. ఆ సంత భాషలో నెలలను వెనుకనుండి చెప్పమంటే తడబడుతుంది. ఆ తడబాటును మతిమరుపు కింద లెక్కవేస్తే లేని వ్యాధి అంటగట్టినట్లే. భాష రాకనే తడబడుతున్నదని ఊరుకుంటే ఉన్న వ్యాధి దాగిపోతుంది. రెండు భాషలలో పాఠాలు చెప్పేవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇంటి భాషలో చకచకా లెక్క చెప్పే పిల్లవాడు బడి భాషలో నోరు మెదపక మందబుద్ధి అనిపించుకోవడం తరచు చూస్తాము.

వైద్యశాస్త్రం ఈ ఇబ్బందిని గుర్తించకపోలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు నిరక్షరాస్య వృద్ధులకోసం మేరీ గంగూలీ బృందం పాశ్చాత్య పరీక్షను హిందీలో పల్లె జీవితానికి తగినట్లు మార్చి 1995లో ప్రచురించింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి మతిని పరీక్షించే సాధనాన్ని హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో రూపొందింపజేసింది. అంటే తెలుగులో పరీక్ష సిద్ధంగానే ఉంది. హోసూరులోనో బరంపురంలోనో పనిచేసే వైద్యునికి అది ఉన్నదని తెలియడం, అవసరమైనప్పుడు తెలుగు తెలిసిన సహోద్యోగిని పిలిపించుకోవాలని తోచడం శిక్షణవల్లనే జరగాలి.

ఇదే విషయంలో మనకు ఊరటనిచ్చే పరిశోధన కూడా ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి ఉన్న 648 మందిని పరిశీలించి, 2013లో ఫలితాలను ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారికన్నా వీరిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండు భాషలే వ్యాధిని ఆపాయని దీనినిబట్టి తీర్మానించలేము. ఇతర కారణాలూ ఉండవచ్చు. అయినా రెండు భాషల మధ్య బ్రతుకు లోపమేమీ కాదని చెప్పడానికి ఇది చాలు.

ఉన్నట్టుండి మతి చెదరడాన్ని డెలీరియం అంటారు. మన పెద్దలు సంధి అనేవారు. ఇది డిమెన్షియా కాదు. మూత్రంలో చీము, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటివి దీనికి కారణాలు. కారణాన్ని చికిత్స చేస్తే చాలామంది కోలుకుంటారు. దీనిని గుర్తించడానికి 1990లో షారన్ ఇనౌయె బృందం ఒక పద్ధతిని ప్రకటించింది. మార్పు హఠాత్తుగా వచ్చిందా, పూటపూటకూ హెచ్చుతగ్గులవుతున్నదా అన్నది అందులో మొదటి ప్రశ్న. దానికి జవాబు ఇంటివారు మాత్రమే చెప్పగలరు. “మొన్న ఆదివారం వరకు ఊరి సంగతులన్నీ చెప్పేది, సోమవారం సాయంత్రం నుండి నన్నే గుర్తుపట్టడం లేదు” అన్న ఒక్క వాక్యం వైద్యునికి చాలా రక్తపరీక్షలకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. “వయసైపోయింది కదా” అన్న మాట ఏమీ ఉపయోగపడదు. ఇంటి భాషలోని నుడికారాన్ని కూడా విప్పి చెప్పాలి. కళ్ళు తిరుగుతున్నాయన్న మాటను ఉన్నదున్నట్లు అనువదిస్తే కంటి విభాగానికి పంపగలరు!

గ్రామస్థాయిలోనూ కొంత శిక్షణ జరుగుతున్నది. ఆయుష్మాన్ భారత్ కింద 2018 నుండి ఏర్పడిన ఆరోగ్య కేంద్రాల సేవలలో వృద్ధుల సంరక్షణను చేర్చారు. ఆశా కార్యకర్త నింపే పత్రంలో 60 ఏళ్ళు దాటినవారికోసం ప్రత్యేకంగా ప్రశ్నలున్నాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నారా? కదలికను అడ్డగించే వైకల్యం ఉందా? తినడానికి, స్నానానికి ఇతరుల సాయం కావాలా? దగ్గరివారి పేర్లు, సొంత ఇంటి చిరునామా మరచిపోతున్నారా? తమిళనాడులో ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభమైంది. రక్తపోటు, మధుమేహం మందులతోపాటు ఫిజియోథెరపీ, ఉపశమన సేవలు కూడా ఇంటివద్దనే అందించడం దాని ఉద్దేశం. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న జిల్లా అది. కనుక ఇంటికి వచ్చే కార్యకర్తకు తెలుగు వస్తుందా రాదా అన్నది అక్కడ చిన్న విషయం కాదు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, చుక్కలమందులు, నాటుమందులతో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం మరువకండి. అవి లేకుండా చేసిన మతి పరీక్షకు విలువ లేదు. ఏ భాషలో అవ్వ ధారాళంగా మాట్లాడుతుందో ముందే చెప్పండి. అనువాదం చేయవలసి వస్తే ప్రశ్నను ఉన్నది ఉన్నట్లుగా తెలుగులో చెప్పి, జవాబు వచ్చేవరకు ఆగండి. మూడు మాటలలో ఒకటి మరచిపోతే పక్కనుండి అందించకండి.