బోదకాలు – సుబ్బారావుగారి మందు

గోదావరి, కృష్ణా డెల్టాల పల్లెలకు బోదకాలు చిరకాలపు శత్రువు. ఈ జబ్బునకు కారణమగు పురుగు పిల్లలు దోమ కడుపులో పెరుగుచుండుట 1877లో చైనాలోని అమోయ్ రేవున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు కనుగొనెను.

మురుగునీట పుట్టు క్యూలెక్స్ దోమలవలన ఇది ఒకరినుండి మరొకరికి ప్రాకును. దారమువంటి పురుగులు దేహములోని ఊటనీరు పోవు నాళములలో కాపురముండి వాటిని చెరచును. అందుచే కాలు వాచును. వాటి పిల్లలు రాత్రివేళ నెత్తుటిలో సంచరించును. కనుకనే నెత్తురుపరీక్ష రాత్రిపూట చేయుదురు.

కారణము తెలిసినను, డెబ్బది ఏండ్లవరకు సరియైన మందు దొరకలేదు. 1895లో భీమవరమున జన్మించి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయము 1947లో హెట్రజాన్ అను మందును వెలువరించెను. మరుసటి సంవత్సరమే ఆయన న్యూయార్కులో కీర్తిశేషులైరి. స్వదేశమును మరల చూడలేదు.

ఆ మందునే డీఇసి అను పేర 2004 నుండి మన దేశమున వ్యాధిగల జిల్లాలలో ఏడాదికొకసారి ఊరందరికి పంచసాగిరి. పసిబిడ్డలకు, గర్భిణులకు ఇవ్వరు. అది నెత్తుటిలోని పురుగు పిల్లలను చంపునుగాని, ముదిరిన వాపును తీయజాలదు. కావున కాలు బాగున్నప్పుడే మింగవలెను.

పొట్టకూటికై ఊరు విడిచిన మనకు, ఊరు విడిచిన ఆంధ్రుడొకడు చేసిన మేలిది. ఉగాదినాడు వేపపువ్వు మింగు సోదర సోదరీమణులు ఈ మాత్రను త్రోసిపుచ్చరాదని నా మనవి.